గేర్‌బాక్స్ దించినప్పుడే రిలీజ్ బేరింగు కూడా మార్చండి

ఎడిటర్ గారికి నమస్కారం,

కడప నుంచి రాస్తా ఉన్నా. మాది కార్లు, జీపులు రిపేరు చేసే షెడ్డు. మీ పేపర్లో కొత్త కార్ల గురించి, వాటి ధరలు, మైలేజీ గురించి బాగానే వేస్తారు, నేనూ చదువుతా. కానీ కొన్న కారు ఐదారేండ్లు తిరిగినాక దాన్ని ఎట్ల రిపేరు చేయించుకోవాల, ఏ సామాను మార్చకుంటే ఏమైతుంది అనేది ఎవురూ రాయరు. క్లచ్ అప్‌గ్రేడు చేయించేటప్పుడు హైడ్రాలిక్ రిలీజ్ బేరింగును మార్చకుండా పాతదే మళ్లీ వేసే పద్ధతి మా జిల్లాలో బాగా పెరిగిపోయింది, దాని గురించి నాలుగు మాటలు చెప్పాలని ఈ ఉత్తరం. కొంచెం పొడుగైనా వేయండి, బండి ఓనర్లకూ మెకానిక్ పిల్లోళ్లకూ ఇద్దరికీ పనికొస్తుంది.

ఈ మధ్య కడపలోనే కాదు ప్రొద్దుటూరు, రాయచోటి, పులివెందుల తట్టు కూడా డీజిల్ కార్లకు రీమ్యాపు చేయించేవాళ్లు ఎక్కువైనారు. ల్యాప్‌టాప్ తగిలించి ఇంజను టార్కు, అంటే తిప్పే బలం, పెంచుతారు, పిక్కప్ వస్తుంది, ఓనరు సంతోషపడతాడు. రీమ్యాపు మంచిదా చెడ్డదా, వారంటీ పోతుందా అనేది వేరే చర్చ, దాని జోలికి నేను పోను. కానీ పెరిగిన టార్కును చాలాసార్లు కంపెనీ క్లచ్ మొయ్యలేదు. నాలుగో గేర్లో ఘాట్ ఎక్కుతా యాక్సిలేటరు తొక్కితే ఆర్పీఎం ముల్లు పైకి లేస్తుంది, బండి మాత్రం కదలదు, కాలిన వాసన వస్తుంది. క్లచ్ జారుతాందని అర్థం. రీమ్యాపు లేకున్నా పెండ్లిండ్లకూ తిరుపతికీ నిండా జనాన్ని ఎక్కించుకొని పైన లగేజీ కట్టి తిప్పే ట్రావెల్స్ బండ్లకు కూడా ఇదే పరిస్థితి. అప్పుడు హెవీ డ్యూటీ క్లచ్ సెట్టు వేయించుకుంటారు, అంటే గట్టి స్ప్రింగు ఉండే ప్రెషర్ ప్లేటు, మంచి ఫ్రిక్షన్ మెటీరియల్ ఉండే క్లచ్ ప్లేటు. ఇంతవరకూ బాగానే ఉంది. వేలకు వేలు పెట్టి సెట్టు కొంటారు, గేర్‌బాక్స్ దించుతారు, సరిగ్గా అప్పుడే మెకానిక్కు "అన్నా, బేరింగు బానే తిరుగుతాంది, చప్పుడు గూడా లేదు, దీన్నే వేసేద్దాం, డబ్బులు మిగుల్తాయి" అంటాడు, ఓనరు సరే అంటాడు. నేను కొట్లాడేది ఈ ఒక్క మాట మీదే.

తెలియని వాళ్లకు ముందు ఆ బేరింగు ఏందో చెప్తా. మనం పెడల్ తొక్కితే ప్రెషర్ ప్లేటు మధ్యలో ఉండే స్ప్రింగు వేళ్లను లోపలికి నెట్టేది రిలీజ్ బేరింగు. పాత బండ్లలో, ఆల్టో లాంటి చిన్న కార్లలో కేబుల్ ఒక ఫోర్కును లాగుతుంది, ఆ ఫోర్కు బేరింగును నెడుతుంది. ఇన్నోవా లాంటి వాటిలో కేబుల్ బదులు ఆయిల్ ప్రెషరు ఉంటుంది, కానీ ఆ ప్రెషరుతో ఫోర్కును నెట్టే స్లేవ్ సిలిండరు గేర్‌బాక్స్ బయట ఉంటుంది, లీకైతే కింద పడుకొని రెండు బోల్టులు విప్పి మార్చేయొచ్చు, ఇబ్బంది లేదు. మూడో రకమే అసలు సంగతి. డస్టర్ డీజిల్, ఎకోస్పోర్ట్ లాంటి బండ్లలో స్లేవ్ సిలిండరూ బేరింగూ రెండూ కలిపి ఒకే సామానుగా చేసి గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టు చుట్టూ, క్లచ్‌ను కప్పి ఉండే బెల్ హౌసింగ్ లోపల పెట్టినారు. షెడ్లలో దీన్ని సీఎస్‌సీ (కాన్సెంట్రిక్ స్లేవ్ సిలిండరు) అంటాం. ఫోర్కు లేదు, కేబుల్ లేదు, పెడల్ స్మూతుగా ఉంటుంది, మంచి డిజైనే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ దాంట్లో పది రూపాయల సీలు కోసుకుపోయినా గేర్‌బాక్స్ మొత్తం దించాల్సిందే. క్లచ్ పనిలో ఎక్కువ కష్టం, ఎక్కువ లేబరు ఆ గేర్‌బాక్స్ దించి ఎక్కించడంలోనే ఉంటుంది. ఒక్కసారి దించినాక బేరింగు మార్చడానికి అదనంగా పట్టే పని ఎంత, రెండు మూడు బోల్టులు, ఒక పైపు.

ఇంక పాత బేరింగు చప్పుడు లేకుండా తిరుగుతాంది కదా, మళ్లీ వేస్తే నష్టమేంది అని అడుగుతారు. బేరింగు తిరగడం వేరు, దాని వెనకాల సీలు ఉండే స్థితి వేరు. క్లచ్ ప్లేటు అరిగే కొద్దీ ప్రెషర్ ప్లేటు ఫ్లైవీలు (ఇంజను వెనక తిరిగే బరువైన చక్రం) వైపు జరుగుతుంది, దాంతో స్ప్రింగు వేళ్లు గేర్‌బాక్స్ వైపు లేస్తాయి, అవి బేరింగును వెనక్కి నెడతాయి. అంటే పాత క్లచ్ చివరి రోజుల్లో సీఎస్‌సీ లోపలి పిస్టను సిలిండరు అడుగు భాగంలోనే అటూ ఇటూ ఆడతా ఉంటుంది. ముందు భాగం ఖాళీగా ఉంటుంది, ఆడ క్లచ్ దుమ్ము చేరి గట్టిపడుతుంది. ఇప్పుడు కొత్త క్లచ్ వేసినారు, వేళ్లు మళ్లీ ఫ్లైవీలు వైపు పోయినాయి, పిస్టను కూడా వాటి వెంట ముందుకు జరిగి ఇన్నాళ్లూ తిరగని చోట తిరగాల. ఏండ్ల తరబడి ఒకే గాడిలో నడిచిన ఎద్దుల బండిని ఒక్కసారిగా గాడి దాటిస్తే ఎట్లుంటాదో అట్లుంటాది ఆ రబ్బరు సీలు పరిస్థితి. గట్టిపడిన దుమ్ము మీద రుద్దుకొని పెదవి కోసుకుపోతుంది. కొత్త క్లచ్ వేసిన కొద్దిరోజులకే సీఎస్‌సీ లీకైనప్పుడు జనం కొత్త సెట్టే మంచిది కాదని కంపెనీని తిడతారు, చాలాసార్లు కారణం ఇదే.

దీనికి తోడు అప్‌గ్రేడు క్లచ్ అంటేనే స్ప్రింగు గట్టిది. అదే వేళ్లను నెట్టాలంటే ఎక్కువ బలం కావాల, అదే సైజు పిస్టనుతో ఎక్కువ బలం రావాలంటే ఆయిల్ ప్రెషరు పెరగాల్సిందే. ఆ ప్రెషరంతా మోసేది మళ్లీ ఆ పాత సీలే. నార్మల్ క్లచ్‌తో ఇంకొన్నాళ్లు నెట్టుకొచ్చేదేమో గానీ గట్టి క్లచ్ ముందర నిలబడదు. లూక్, వాలియో లాంటి కంపెనీలు సీఎస్‌సీ ఉండే బండ్లకు ప్లేటు, కవరు, సీఎస్‌సీ మూడూ ఒకే డబ్బాలో పెట్టి కిట్లు అమ్ముతాండాయి కదా, ఊరికే కాదు.

నా కండ్లారా చూసింది ఒకటి చెప్తా. మా బావమరిది డీజిల్ బండికి వేరే ఊర్లో ఒక షెడ్డులో హెవీ క్లచ్ వేయించుకున్నాడు. బేరింగు సంగతి అడిగితే అదేం కాదు, ఇంకా రెండు క్లచ్‌లకు వస్తుంది అన్నారంట. కొన్ని వారాలకు కుటుంబంతో రాయచోటికి పోతా గువ్వలచెరువు ఘాట్‌లో లోడు లారీ వెనకాల ఇరుక్కున్నాడు. ఎక్కుడు, మలుపు, ఫస్టు గేరుకు తెద్దామని పెడల్ తొక్కితే అది కిందికి పోయి ఆడనే ఉండిపోయింది, పైకి రాలేదు. గేరు రాదు, పడదు. బండి ఆగిపోయింది, వెనకాల బస్సు హారను కొడతా ఉంది, లోపల చిన్నపిల్లలు. హ్యాండు బ్రేకు లాగి, దిగి చక్రాల కింద రాళ్లు పెట్టి నిలబెట్టినాడు. ఆ ఘాట్‌లో తిరిగే వాళ్లకు తెలుసు ఆ మలుపుల్లో బండి వెనక్కి జారితే ఏమైతుందో.

బండిని టోయింగ్ చేసి మా షెడ్డుకు తెచ్చినారు. గేర్‌బాక్స్ దించితే బెల్ హౌసింగ్ అడుగున బ్రేక్ ఆయిలూ క్లచ్ దుమ్మూ కలిసి నల్లటి బురద. కొత్త ప్లేటు మీద కంపెనీ అచ్చు అక్షరాలు ఇంకా చెరిగిపోలేదు, కానీ ఒక పక్కంతా ఆయిలు పీల్చుకొని నల్లగా మెరుస్తాంది, గోరుతో గీరితే జిగట. సీఎస్‌సీ రబ్బరు తొడుగు వెనక్కి లాగి చూస్తే పిస్టను చుట్టూ తడి, సీలు పెదవి మీద సన్నగా బ్లేడుతో గీసినట్టు ఒక కోత. కొత్త ప్లేటు, మళ్లీ గేర్‌బాక్స్ లేబరు, టోయింగు ఖర్చు, అన్నీ అంత సన్నటి కోతకే పోయినాయి. ఆయిలు పీల్చిన ప్లేటును పెట్రోలుతో కడిగి ఎండలో ఆరబెట్టి వేద్దామని కొంతమంది అంటారు, వద్దు. పైన ఆరినట్టు కనిపిస్తుంది, వేడెక్కితే లోపలిది బయటికి వస్తుంది, మళ్లీ జారుతుంది.

ఇంకో సంగతి, ఇది క్లచ్‌తోనే ఆగేది కాదు. చాలా బండ్లలో క్లచ్‌కూ బ్రేకుకూ ఆయిలు డబ్బా ఒకటే. క్లచ్ పైపు డబ్బాలో కొంచెం పైనుంచి తీస్తారు కాబట్టి క్లచ్ లీకైనా బ్రేకుకు కొంత ఆయిలు మిగులుతుంది, డిజైను చేసినోళ్లు ఆలోచించినారు. కానీ లెవెలు తగ్గుతాందని పైన పోసుకుంటా తిరిగే వాళ్లు ఉన్నారు, ఎందుకు తగ్గుతాందో చూడరు. బ్రేక్ ప్యాడ్లు అరిగితే మెల్లగా కొంచెం తగ్గడం మామూలే, చక్రాల దగ్గర తడి లేకుండా వారం వారం తగ్గుతాందంటే గేర్‌బాక్స్ కింద, పెడల్ దగ్గర కార్పెట్ కింద చేయి పెట్టి చూడండి. పెడల్ మెత్తగా అయినా, రివర్సు గేరు గర్రుమని పడినా, రెండుసార్లు తొక్కితే గానీ గేరు రాకున్నా అది ఘాట్ ఎక్కకముందే చూపించుకోవాల్సిన బండి. పెడల్ తొక్కినప్పుడు గుర్రుమనే చప్పుడైతే రిలీజ్ బేరింగు మీద అనుమానం, న్యూట్రల్లో పెడల్ వదిలినప్పుడు వచ్చి తొక్కితే పోయే చప్పుడైతే ఎక్కువగా గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు. ఇది తెలియక ఒకదాని బదులు ఒకటి మార్చేస్తాండారు.

ఇప్పుడు మెకానిక్ సోదరులకు, ముఖ్యంగా కొత్తగా పని నేర్చుకునే పిల్లోళ్లకు. కొత్త సీఎస్‌సీ తెచ్చి పాతది ఉన్న చోట బిగించేస్తే చాలదు, అప్‌గ్రేడు క్లచ్ అయితే కొలత తీయాల. కంపెనీ కొలతకే చేసిన సెట్టు అయితే పర్వాలేదు. వేరే కవరు వేసినా, డ్యూయల్ మాస్ (రెండు భాగాలుగా ఉండే) ఫ్లైవీలు తీసేసి సాలిడ్ (ఒకే ముక్క) ఫ్లైవీలు వేసినా స్ప్రింగు వేళ్ల ఎత్తు మారిపోతుంది. ఇంజను వైపు, గేర్‌బాక్స్ కలిసే ముఖం నుంచి వేళ్ల వరకు ఎంతుందో స్కేలు అడ్డం పెట్టి కొలవాల. గేర్‌బాక్స్ వైపు అదే ముఖం నుంచి, బేరింగును పూర్తిగా వెనక్కి నొక్కి పట్టుకొని, బేరింగు మొహం వరకు కొలవాల. రెండిటి లెక్క చూసుకుంటే బేరింగు వెనక్కి పోవడానికి ఇంకా ఎంత చోటు మిగిలిందో తెలుస్తుంది. ఆ చోటు మరీ తక్కువైతే ప్లేటు అరిగే కొద్దీ బేరింగు వెనక్కి పోలేక వేళ్లను నొక్కి పట్టేస్తుంది, కొత్త క్లచ్ మళ్లీ జారుతుంది. ప్లేటు కొంచెం అరిగితేనే వేళ్లు దానికి రెండు మూడు రెట్లు పైనే కదులుతాయి కాబట్టి ఈ చోటు చానా ముఖ్యం. మరీ ఎక్కువైతే పిస్టను చివరిదాకా బయటికి వచ్చి సీలు దాటిపోతుంది. ఎంతుండాలనేది కిట్టుతో వచ్చిన కాగితంలో ఉంటుంది, చదవండి, కావాల్సి వస్తే షిమ్ము (సన్నటి రేకు వాషరు) వేయండి. ఆ కాగితాన్ని డబ్బాతో పాటు చెత్తలో పారేసే అలవాటు పోవాల.

గేర్‌బాక్స్ ఇంజనుకు కలిపి బోల్టులన్నీ బిగించేదాకా ఎవురూ పెడల్ తొక్కకూడదు. షెడ్డులో ఒకడు కింద ఉంటాడు, ఇంకొకడు సీట్లో కూర్చొని ఊరికే కాలు పెడతాడు, ముందర అడ్డమేమీ లేదు కాబట్టి పిస్టను ఊడి బయటికి వస్తుంది, కొత్త సీఎస్‌సీ ఆడికాడే పోయింది. టెస్టు చేద్దామని బెంచీ మీద పెట్టి గాలి కొట్టేదీ అంతే. కొత్త బేరింగును డీజిల్లో కడగొద్దు, అది లోపల గ్రీజు పెట్టి సీలు చేసి వచ్చిన సామాను. షాఫ్టు స్ప్లైన్లకు (షాఫ్టు మీది గాళ్లకు) గ్రీజు పలుచగా తుడిచినట్టు పెట్టాల, ముద్దలు పెడితే తిరిగేటప్పుడు చిమ్మి ప్లేటు మీద పడుతుంది. గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు దాని బరువంతా ప్లేటు మీద వేలాడేయొద్దు, జాకీ ఆసరా పెట్టండి, లేకుంటే ప్లేటు మధ్య భాగం వంగుతుంది, సీఎస్‌సీ కూడా దెబ్బ తింటుంది, ఇప్పుడు వచ్చేవి చానా వరకు ప్లాస్టిక్ బాడీవే. పనిలో పని ఇంజను వెనక క్రాంక్ సీలు, గేర్‌బాక్స్ ముందు సీలు తడిగా ఉంటే అవి కూడా మార్చేయండి. బెల్ హౌసింగ్‌లో దుమ్మును కంప్రెషరు గాలితో ఊదొద్దు, పాత ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండేది, ఏ ప్లేటుదైనా ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, తడిగుడ్డతో తుడవండి.

ఆయిలు విషయం కూడా చెప్పాల. డబ్బా మూత మీద ఏ డాట్ (బ్రేక్ ఆయిలు గ్రేడు) రాసి ఉందో అదే పోయాల. ఇంజనాయిలో పవర్ స్టీరింగ్ ఆయిలో కొంచెం పడినా సీళ్లు ఉబ్బిపోతాయి, అప్పుడు ఒక్క సీఎస్‌సీ కాదు, పెడల్ దగ్గర ప్రెషరు పుట్టించే మాస్టర్ సిలిండరు, డబ్బా కలిసి ఉంటే బ్రేకుల సామాను కూడా మార్చుకోవాల. బ్రేక్ ఆయిలు గాలిలో తేమను పీలుస్తుంది. డాట్ 4 అనేది కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీలదాకా మరగకూడదు, 3.7 శాతం నీళ్లు చేరినాక 155 డిగ్రీలదాకా మరగకుంటే చాలని స్టాండర్డు. నీళ్లు చేరితే ఎంత తేడా వస్తుందో చూడండి. కాబట్టి షెడ్డు మూలన మూత లేకుండా ఏడాదిగా పడున్న డబ్బాలో ఆయిలు పోసి కొత్త క్లచ్ బ్లీడింగ్ (పైపుల్లోని గాలి తీసేయడం) చేయొద్దు. బ్లీడింగ్ కూడా దడదడా పెడల్ కొట్టి కాదు, ముందు గాలి వదిలే నిపులు వదులు చేసి ఆయిలు దానంతటది కారనిచ్చి, తర్వాత మెల్లగా తొక్కి పట్టుకొని గాలి బుడగలు ఆగేదాకా తీయాల. లోపల గాలి మిగిలితే పెడల్ మెత్తగా ఉంటుంది, దాన్ని కొత్త సామాను లోపమని చెప్పి షాపోనితో కొట్లాటకు పోతారు.

ఓనర్లకు నా మనవి ఒక్కటే, పని మొదలు పెట్టకముందే ఎస్టిమేటులో రిలీజ్ బేరింగు రాయించుకోండి, పార్ట్ నంబరుతో బిల్లు తీసుకోండి, విప్పిన పాత సామాను మీ డిక్కీలో వేయించుకోండి. పాత సామాను ఇంటికి వస్తే బేరింగు నిజంగా మార్చినారో లేదో మీకే తెలుస్తుంది. బిల్లు అడిగితే మొహం మాడ్చుకునే షెడ్లు ఉన్నాయి, మావాళ్లే అయినా చెప్తా ఉన్నా. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో బిల్లు ఇవ్వకపోవడం కూడా అన్యాయమైన వ్యాపార పద్ధతి కిందికే వస్తుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్లో కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు కూడా లేదు. అట్లే, బేరింగు మార్చాలని మెకానిక్కే చెప్తే "నీకు కమీషను వస్తుందా" అని అనుమానంగా చూసే ఓనర్లు కూడా మారాల. కరెక్టుగా పని చేసే పిల్లోడు ఆ మాటకు భయపడే, సరే పాతదే వేస్తాలే అంటాడు.

బయట స్లేవ్ సిలిండరు ఉండే బండ్లకు నేను ఇంత పట్టుపట్టను. ఆ బేరింగు ధర తక్కువ, క్లచ్‌తో పాటు మార్చేయండి, స్లేవ్ మాత్రం పొడిగా ఉంటే తర్వాతైనా చూసుకోవచ్చు. పోయిన ఏడాదే సీఎస్‌సీ మార్చినాం కదా అనే వాళ్లకు కూడా నా జవాబు మార్చమనే, ఎందుకంటే గట్టి క్లచ్ వేస్తా ఉన్నారు, వేళ్ల ఎత్తు కూడా మారొచ్చు, ఆ సీలు ఏ చోట ఆడుతుందో ఎవురూ చూడలేరు.

ఐటీఐలు నడిపే అధికారులకు కూడా ఒక మాట. మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు రెండేండ్లు, డీజిల్ మెకానిక్ ఒక ఏడాది. నా దగ్గరికి వచ్చే పిల్లోళ్లు కేబుల్ క్లచ్, ఫోర్కు బాగా చెప్తారు, సీఎస్‌సీ చేతికిస్తే ఇదేంది సార్ అంటాండారు. పెనుకొండలో 2019 నుంచి కార్లు తయారైతా ఉన్నాయి, మన సీమ పిల్లోళ్లు ఇప్పటి కార్ల లోపల ఉండే సామాను చూడకుండా సర్టిఫికెట్టు తీసుకొని బయటికి రావడం ఏం బాగుంటుంది. కొత్తది కొనక్కర్లేదు, మాలాంటి షెడ్లలో విప్పేసిన సీఎస్‌సీలు పడుంటాయి, అడిగితే ఊరికే ఇస్తాం, సగానికి కోసి లోపల సీలు ఎట్లుందో క్లాసులో చూపించండి.

ఉత్తరం పొడుగైందని అనుకుంటే కొలతల గురించి రాసింది తగ్గించుకోండి ఎడిటర్ గారూ, పెడల్ తొక్కొద్దన్నదీ, పాత సామాను వెనక్కి అడగమన్నదీ మాత్రం తీసేయొద్దని మనవి.

ఇట్లు,
ఒక మెకానిక్ పాఠకుడు,
కడప